పూడిక కాదు, గోడలో ఉబ్బు: గుండె రక్తనాళం నమూనా డైరీ

జూన్ 3

ఏప్రిల్‌లో కట్టేసిన నరసాపురం కాలువకు మళ్ళీ నీళ్ళొదిలారు. విజ్జేశ్వరం దగ్గర తలుపులెత్తిన నీళ్ళు ఈ పొద్దున్నకి మా రేవు మెట్లు తాకాయి. నాన్న ఆ మెట్ల మీదే కూర్చుని చూస్తున్నారు. ఆయనకు స్టెంటు వేసి ఏడు వారాలైంది. పలకరించడానికి వచ్చిన వాళ్ళకు తన గుండె సంగతంతా ఈ కాలువ మీద పెట్టే చెప్తారు. "పూడిక పేరుకుందట. అది తీసి, మళ్ళీ పేరుకోకుండా గొట్టం వేశారు."

దాళ్వా కోతలప్పుడు మొదలైంది. గట్టు మీద నడుస్తుంటే ఛాతీ మధ్యలో బరువు, కాసేపు కూర్చుంటే తగ్గిపోవడం. నెల రోజులు గ్యాస్ అనుకున్నాం. చూపించిన ఒక క్లినిక్‌లోనూ గ్యాస్ మాత్రలే ఇచ్చారు. ఆ నెల తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

మా పెదనాన్న కూతురు కార్డియాలజీలో, అంటే గుండె వైద్యంలో, డీఎం అనే పై చదువు చేస్తోంది, రెండో ఏడు. నిన్న నాన్నను చూడటానికి వచ్చినప్పుడు ఒక మాట అంది. "పక్కన నిలబడి వందల కేసులు చూస్తాం రా. కానీ గుండె నాళంలోకి దూర్చే వైరు మన చేతికొచ్చే మొదటి రోజున పేషెంటు మెలకువగానే ఉంటాడు. నా మొహం వంకే చూస్తుంటాడు. నా చెయ్యి వణికితే ఆయనకు తెలిసిపోతుంది." ప్రాక్టీసు చేసే సిమ్యులేటర్లు ఉన్నాయట గానీ లక్షల ఖరీదు, తన దగ్గరికి రావాలంటే వంతు రావాలి.

నాకు చెరువుల ఏరేటర్లు బాగు చేసే షాపుంది. విరిగిన గేర్లు చేసుకోవడానికి కొన్న త్రీడీ ప్రింటర్ ఉంది. రాత్రి అక్కకు ఫోన్ చేసి, తను ప్రాక్టీసు చేసుకోవడానికి ఒక నమూనా నాళం చేస్తానని చెప్పాను. ఈ డైరీ అందుకే.

జూన్ 9

మొదటి నమూనా రెండు గంటల్లో అయిపోయింది. సెలైన్ పెట్టే పారదర్శకం ట్యూబు ముక్క తీసుకుని, లోపల ఒకచోట ఎం-సీల్ ముద్ద అంటించి, మధ్యలో చిన్న దారి వదిలాను. అక్క తెచ్చిన పాత వైరు అందులోంచి దూరింది. బెలూన్ కూడా దూరింది. బెలూన్ ఉబ్బించగానే ముద్ద ఊడి నీళ్ళతో పాటు కొట్టుకుపోయి, ట్యూబు చివర అడ్డం పడింది.

అక్క నవ్వలేదు. మా వసారా గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. కాలువ పక్క ఇల్లు కదా, మోకాలెత్తు దాకా చెమ్మ పట్టి అక్కడక్కడా సున్నం ఉబ్బి ఉంటుంది. వేలితో ఒక ఉబ్బు మీద తట్టింది. "ఇదీ బ్లాకంటే. పైన సున్నం పొర నున్నగానే ఉంది చూడు. మట్టి బయటి నుంచి వచ్చి అంటుకోలేదు. గోడ లోపలే పెరిగింది. కొవ్వు పొర కిందికి చేరుతుంది, దాన్ని మింగడానికి వచ్చిన కణాలు అక్కడే చచ్చి పోగవుతాయి, దాని మీద పీచు లాంటి పొర కట్టుకుంటుంది, కొన్నేళ్ళకు సున్నం పేరుకుంటుంది. ఏదో ఒక రోజు ఆ పై పొర చిట్లుతుంది. ఈ గోడ పెచ్చు లేచినట్టే. అప్పుడు దాని మీద రక్తం గడ్డకట్టి నిమిషాల్లో దారి మూసేస్తే, అదీ గుండెపోటు."

మరి బెలూన్ ఏం చేస్తుందని అడిగాను. పూడిక తీయదట. గోడను సాగదీసి, గట్టిపడ్డ ఉబ్బును చిట్లించి, దారిని వెడల్పు చేస్తుందట. ఉబ్బు ఎక్కడికీ పోదు, గోడలోనే ఉంటుంది. సాగిన గోడ మళ్ళీ ముడుచుకోకుండా స్టెంటు లోపలి నుంచి దన్నుగా నిలబడుతుంది. అందుకే మందులు మానకూడదు.

అంటే నేను చేసింది మురుగు తూము. ఇంట్లో అందరం రెండు నెలలుగా చెప్పుకుంటున్న కథ కూడా తప్పే. కాలువకైతే ఏటా కొన్ని వారాలు సెలవిచ్చి పూడిక తీయొచ్చు. దీనికి సెలవుండదు.

ఈ పని మొత్తం ఇప్పుడు ఒకే ప్రశ్న మీద నిలబడింది. గోడలో ఉబ్బు ఉన్న గొట్టం ఎలా చెయ్యాలి?

జూన్ 15

కొలతలు. గుండెకు రక్తమిచ్చే నాళాలు బృహద్ధమని మొదట్లోంచి రెండు పుడతాయి. ఎడమది పొట్టిగా వచ్చి రెండుగా చీలుతుంది. ముందువైపు దిగేదాన్ని ఎల్ఏడీ అంటారు, వెనక్కి చుట్టుకునేది సర్కమ్‌ఫ్లెక్స్. కుడిది ఆర్‌సీఏ. ఎడమ మొదలు దగ్గర లోపలి వ్యాసం సుమారు 4.5 మి.మీ., ఎల్ఏడీ మొదట్లో 3.7, చివరికి 2 కంటే కాస్త తక్కువ. తాను చూసే కేసుల్లో 3, 2.75 సైజు స్టెంట్లే ఎక్కువ పడుతున్నాయని అక్క చెప్పింది. అందుకని బ్లాకు పెట్టే చోట ఎల్ఏడీని 3 మి.మీ. దగ్గర ఖాయం చేశాను.

శాతాల లెక్క ఇప్పుడు అర్థమైంది. యాంజియోలో, అంటే నాళాల్లోకి మందు వదిలి ఎక్స్‌రేలో చూసే పరీక్షలో, చెప్పే శాతం వ్యాసానిది. 3 మి.మీ. గొట్టంలో 50 శాతం బ్లాకంటే 1.5 మి.మీ. దారి ఉన్నట్టు. కానీ వైశాల్యం చూస్తే నాలుగో వంతే మిగిలింది. 70 శాతమంటే 0.9 మి.మీ., వైశాల్యంలో మిగిలింది 9 శాతం. నాన్న రిపోర్టులో 80 అని ఉంది. కాగితం మీద 0.6 మి.మీ. చుక్క గీసి చాలాసేపు దానివంకే చూశాను. పెన్ను మొన అంత.

జూన్ 28

గొట్టం చెయ్యాలంటే ముందు దాని లోపలి ఖాళీని ప్రింటు చెయ్యాలి. దాని మీద సిలికాన్ పూసి, గట్టిపడ్డాక లోపలి అచ్చును కరిగించెయ్యాలి. నీళ్ళలో కరిగే పీవీఏ ప్లాస్టిక్ తీగ ఇందుకే ఉంది. ప్రింటు సరిగ్గా వచ్చి ఉంటే ఈ రోజు ఇంకేమీ రాయాల్సింది ఉండేది కాదు.

పీవీఏ తేమను పీల్చుకుంటుంది. ఆషాఢంలో మా ఊళ్ళో ఉప్పు డబ్బాలో ఉప్పే నీరు కారుతుంది. చుట్ట విప్పి పెట్టిన రెండో రోజుకే నాజిల్‌లోంచి టప్ టప్ మని చిటపటలు, ప్రింటు నిండా బుడగలు, వెంట్రుకల్లాంటి దారాలు. నాలుగు అచ్చులు పారేశాను. చివరికి తీగచుట్టను 50 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు ఆరబెట్టి, అమ్మ జంతికల డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో మూసి, మూతకు చిల్లు పెట్టి తీగ అందులోంచే నేరుగా ప్రింటర్‌కు వెళ్ళేలా చేశాను. అయిదో అచ్చు గాజులా వచ్చింది.

ప్రింటు పొరల గీతలు మిగిలితే గొట్టం లోపల మెట్లు పడతాయి, వైరు మొన అక్కడ తగులుకుంటుంది. తడి కుంచెతో ఒక్కసారి పైపైన నిమిరితే గీతలు కరిగి కలిసిపోతున్నాయి. రెండోసారి నిమిరితే 0.9 మి.మీ. మెడ విరిగిపోతోంది.

జూలై 6

మూడు రోజులు వృథా. సిలికాన్ గట్టిపడింది గానీ అక్కడక్కడా జిగటగా, బంకలా మిగిలిపోతోంది. పాళ్ళు తప్పాయేమో అని తూకం మార్చాను. చలికి ఆరలేదేమో అని బల్బు పెట్టాను. లాభం లేదు. నిన్న రాత్రి ఆ జిగట మచ్చలను వరుసగా చూస్తుంటే అవి నా బొటనవేలు, చూపుడు వేలు పట్టుకునే చోట్లే ఉన్నాయని తట్టింది. నేను వేసుకున్నవి లేటెక్స్ తొడుగులు. ప్లాటినంతో గట్టిపడే సిలికాన్‌కు గంధకం తగిలితే ఆ రసాయన చర్య ఆగిపోతుంది. రబ్బరు తొడుగుల్లో గంధకం ఉంటుంది. నీలం రంగు నైట్రైల్ తొడుగులు తెచ్చాను, మచ్చ లేదు.

ఎవరైనా ఈ పని మొదలుపెడితే లేటెక్స్ తొడుగు గదిలోకే రానివ్వకండి.

జూలై 13

ఆత్రేయపురంలో పూతరేకులు చేసే చోట ఒకసారి చాలాసేపు నిలబడి చూశాను. బోర్లించిన వేడి కుండ మీద పల్చటి పిండిలో తడిపిన గుడ్డను ఒక్క లాగు లాగుతారు, అంతే పొర. రెండోసారి లాగరు. సిలికాన్ పూయడం కూడా అంతే. ఒక్కో పూత 0.3 మి.మీ. మించకూడదు. ఆరే లోపల అచ్చును నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. లేకపోతే కిందివైపు కారి గోడ ఒక పక్క మందమవుతుంది. మూడు పూతలకు గోడ దాదాపు 1 మి.మీ. వచ్చింది.

కలిపేటప్పుడు చేరిన గాలి తీయడానికి పాత కుక్కరు గిన్నె, దాని మీద మందపాటి అక్రిలిక్ మూత, ఫ్రిజ్ మెకానిక్ ఇచ్చిన కంప్రెషర్. సిలికాన్ పాలలా పొంగి దిగిపోతుంది, అప్పుడు పూయాలి.

రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో పెడితే అచ్చు కరిగి, పొద్దున్నకి బకెట్లో రొయ్య మీసాల్లా మెత్తని గొట్టాలు తేలుతున్నాయి. నాన్న ఒకటి చేతిలోకి తీసుకున్నారు. "ఇంత సన్నమా!" అన్నారు. ఇంకేమీ అనలేదు.

జూలై 21

రక్తం బదులు నీళ్ళు పోస్తే కుదరదు, అవి మరీ పల్చన. 60 పాళ్ళ నీటికి 40 పాళ్ళ గ్లిజరిన్ కలిపితే చిక్కదనం రక్తానికి దగ్గరగా వస్తుంది. గ్లిజరిన్ తియ్యగా ఉంటుంది కదా, బల్ల కాళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టేదాకా చీమలు వదల్లేదు.

పంపు పెట్టాను గానీ గోదావరికి వరదొచ్చిన ఈ వారంలో కరెంటు నిలకడగా లేదు. అప్పుడు మా మేడ మీద ట్యాంకు గుర్తొచ్చింది. ఎత్తే ఒత్తిడి. సగటు రక్తపోటు 100 మి.మీ. పాదరసం అనుకుంటే మంచినీళ్ళలో అది 136 సెం.మీ. ఎత్తు. ఈ మిశ్రమం నీటికంటే పదో వంతు బరువు ఎక్కువ కాబట్టి 124 సెం.మీ. చాలు. అటక మీద ఒక బిందె, కింద బల్ల మీద గొట్టం, కింద పడిన ద్రవాన్ని మళ్ళీ బిందెలోకి ఎత్తడానికి మాత్రమే చిన్న పంపు. కరెంటు పోయినా బిందె ఖాళీ అయ్యేదాకా గుండెకు రక్తం ఆగదు. కొట్టుకునే నాడి ఇంకా లేదు, తర్వాత చూసుకోవచ్చు.

జూలై 27

అక్క మొదటిసారి చెయ్యి పెట్టింది.

సామాను గురించి ఒక మాట. పేషెంటుకు వాడిన క్యాథటర్లు (నాళంలోకి పంపే సన్న గొట్టాలు), వైర్లు ఆసుపత్రి వ్యర్థాల కింద వెళ్ళిపోవాల్సిందే, బయటికి తేకూడదు. గడువు తీరి, సీలు విప్పని వాటినే అక్క వాళ్ళ విభాగం పెద్ద దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని తెచ్చింది. వాటి మీద ప్రాక్టీసుకు మాత్రమే అని ఎర్ర టేపు చుట్టాం.

మణికట్టు నాళానికి సన్న ట్యూబు, బృహద్ధమనికి అంగుళం వెడల్పు పారదర్శకం హోసు, దాని చివర నా సిలికాన్ గొట్టాలు. వైరుకు దారి చూపే గైడ్ క్యాథటర్ 6 ఫ్రెంచ్ సైజు, అంటే బయటి వ్యాసం 2 మి.మీ. వైరు మందం 0.36 మి.మీ. కొత్త సిలికాన్ లోపల అవి రెండూ అతుక్కుని కదల్లేదు. ద్రవంలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేస్తే జారాయి. దానివల్ల నురగ వచ్చింది, నురగ వల్ల సిరంజిలోకి బుడగలు వచ్చాయి. అక్క అది మంచిదే అంది. గుండె నాళంలోకి గాలి వెళ్తే అదే అడ్డం పడుతుంది. బుడగ పూర్తిగా పోయేదాకా సిరంజి ముందుకు తొయ్యని అలవాటు ఇక్కడే చేతికి పట్టాలి.

గొట్టాల మీద నల్లగుడ్డ కప్పేశాను. కింద ఎల్ఈడీ పలక, పైన వంచిన పైపు మీద ఫోను, తెర మీద నలుపు తెలుపు బొమ్మ. సిరా కలిపిన నీళ్ళు వదిలితే నాళాలు నల్లగా కనిపించి చెరిగిపోతాయి. ఆసుపత్రిలో ఈ పని చేసే గది, క్యాథ్‌ల్యాబ్‌లోనూ చూపు తెర మీదే ఉంటుంది. ఎక్స్‌రే లేదు కాబట్టి సీసం కోటు బరువు లేకుండా ఎన్ని గంటలైనా చెయ్యొచ్చు. పైపును పక్కకీ కిందకీ వంచితే ఎడమ నాళం చీలిక సాలెపురుగు కాళ్ళలా విచ్చుకుంది. ఆ కోణాన్ని వాళ్ళు స్పైడర్ వ్యూ అనే పిలుస్తారట.

అంతా బాగుంది, అసలు పని కుదరలేదు. బెలూన్ ఉబ్బిస్తే ఇరుకు చోటు విచ్చుకుంది, దించగానే యథాతథంగా ముడుచుకుంది. పదిసార్లు అదే. "ఇది రబ్బరు రా," అంది అక్క. "నిజం నాళం కూడా కొంత ముడుచుకుంటుంది. కానీ దాని గోడలో ఏదో ఒకటి తెగుతుంది. ఇందులో ఏదీ తెగలేదు, ఏదీ మారలేదు. ఇలాంటి దాని మీద నేర్చుకుంటే నా చేతికి తప్పు అలవాటవుతుంది."

ఆ చివరి మాటకు నిద్ర పట్టలేదు. చెడ్డ నమూనా ఉండటం కంటే నమూనా లేకపోవడం నయం.

ఆగస్టు 10

గోడలో వేరే పదార్థం పెట్టాలి. మొదటి పూత మీద నెలవంక ఆకారంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అతికి, దాని మీద రెండు పూతలు వేశాను. చవితి దగ్గర పడుతోంది, బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర ప్లాస్టర్ దొరికింది. మెత్తటి రకం ఉబ్బు కోసం ఇంకో గొట్టంలో కొవ్వొత్తి మైనం, వాజ్‌లైన్ కలిపిన ముద్ద పెట్టి పైన ఒకే ఒక్క పల్చటి పూత వేశాను.

ఉబ్బును నాళం చుట్టూ ఉంగరంలా పెట్టొద్దని, ఒక పక్కకే ఎక్కువగా పెట్టమని అక్క చెప్పింది. చాలా మందిలో అలాగే ఉంటుందట. ఇంకో గొట్టంలో లోపలి దారి ఏమాత్రం తగ్గకుండా ఉబ్బు మొత్తం బయటివైపుకే పెట్టించింది. అలాంటి నాళాలూ ఉంటాయి. 1987లో సీమోర్ గ్లాగోవ్, ఆయన సహచరులు చనిపోయినవాళ్ళ గుండెలు కోసి చూసి చెప్పిన సంగతి ఇది. ఉబ్బు పెరిగే కొద్దీ నాళం బయటికి సాగి లోపలి దారిని కాపాడుకుంటుంది. ఆ ఉబ్బు నాళం వైశాల్యంలో 40 శాతం దాకా పెరిగాకే దారి తగ్గడం మొదలవుతుంది. సిరా వదిలి తెర మీద చూస్తే ఆ గొట్టం నిక్షేపంలా కనిపించింది. ముట్టుకుంటే వేలికి గడ్డ తగులుతోంది. యాంజియో దారిని చూపిస్తుంది, గోడను చూపించదు. ఒక్క గొట్టంతో ఇది నాకు తెలిసొచ్చింది.

ప్లాస్టర్ గొట్టం మాత్రం మళ్ళీ ఓడించింది. బెలూన్ ఉబ్బితే ప్లాస్టర్ పగలకుండా మొత్తంగా బయటికి జరిగి, గోడ బుగ్గలా పొంగింది. బయటి నుంచి పట్టి ఉంచేది ఏమీ లేదు.

ఆగస్టు 17

నరసాపురం పిన్ని వచ్చింది. పదేళ్ళ వయసు నుంచి లేసు అల్లుతోంది, మాట్లాడుతున్నా సూది ఆగదు. నేను గొట్టం మీద గాజుగుడ్డ చుట్టలేక అవస్థ పడుతుంటే చూసి, "ఏంటిరా అది, ఇటియ్యి," అని తీసుకుంది. సన్నటి నూలుదారంతో గొట్టం చుట్టూనే కుట్లు వేస్తూ, ప్లాస్టర్ ఉన్నచోట కళ్ళు దగ్గరగా, మిగతా చోట వదులుగా, అతుకు లేకుండా తొడుగు అల్లేసింది. గంట పట్టలేదు. దాని మీద ఆఖరి పూత వేశాను.

నిజం రక్తనాళానికీ బయటి పొరలో గట్టి పీచులుంటాయి. కొంతదాకా సాగనిస్తాయి, ఆ తర్వాత బిగుసుకుంటాయి. లేసు కూడా అంతే. కళ్ళు విచ్చుకున్నంతసేపు సాగుతుంది, దారం బిగిశాక ఆగుతుంది. పిన్ని ఈ పీచుల సంగతి ఏమీ వినలేదు, దారం గుణం ఆమెకు తెలుసు, అంతే.

సాయంత్రం పరీక్ష. బెలూన్‌లో ఒత్తిడి ఆరు అట్మాస్ఫియర్లు, ఏమీ లేదు. ఎనిమిది, పది. బండి టైరులో ఉండే గాలి రెండు. పన్నెండు దగ్గర టిక్ మని చిన్న శబ్దం వచ్చింది. తెర మీద బెలూన్ నడుము దగ్గర పడ్డ నొక్కు ఒక్కసారిగా విడిపోయింది. బెలూన్ దించాక దారి కొంత తగ్గింది గానీ పాతంత ఇరుకు కాలేదు. అక్కకు వీడియో పంపాను. "ఇదీ," అని ఒక్క మాట జవాబిచ్చింది.

పిన్నికి ఆరు తొడుగులకు కూలి ఇచ్చాను. వద్దంది. లేసు పనికి చేతికొచ్చేది ఎంత తక్కువో నాకు తెలుసు, అందుకే బలవంతంగా చేతిలో పెట్టాను.

ఆగస్టు 31

శాతాలతో నాకు తృప్తి లేదు. బ్లాకుకు ముందు ఒకటి, తర్వాత ఒకటి, సన్నటి నిలువు ట్యూబులు అతికాను. ద్రవం ఏ ఎత్తుకు ఎక్కితే అక్కడ అంత ఒత్తిడి. గొట్టం చివర ఒక నొక్కుడు క్లిప్పు. కండరం లోపలుండే సన్న నాళాల వంతు అదే చేస్తుంది. మనం కూర్చుని ఉంటే అవి ముడుచుకుని ఉంటాయి. నడిచినా, బరువు మోసినా కండరానికి రక్తం కావాలి కాబట్టి విచ్చుకుంటాయి.

క్లిప్పు బిగించి పెడితే ముందు ట్యూబులో 120 సెం.మీ., తర్వాతి దాంట్లో 112. పెద్ద తేడా లేదు. క్లిప్పు వదులు చేశాను. ప్రవాహం పెరిగింది. ముందుది 112కు దిగింది, తర్వాతిది కళ్ళ ముందే జారుతూ 76 దగ్గర నిలిచింది. నిష్పత్తి 0.68.

ఆసుపత్రిలో దీన్నే ఎఫ్ఎఫ్ఆర్ అంటారు. ఒత్తిడి కొలిచే వైరును బ్లాకు దాటించి, సన్న నాళాలు విచ్చుకునే మందిచ్చి చూస్తారు. నెదర్లాండ్స్ డాక్టర్ నికో పైల్స్, ఆయన సహచరులు 1990ల్లో దీన్ని వాడుకలోకి తెచ్చారు. 0.80 లేదా అంతకంటే తక్కువైతే ఆ బ్లాకు నిజంగా రక్తాన్ని ఆపుతున్నట్టు లెక్క. నా బల్ల మీద అంకెలు నా గొట్టానివే, మనిషివి కావు. అయినా జరుగుతున్నది అదే.

నాన్న వెనక నిలబడి చూస్తున్నారని నాకు తెలియదు. "మళ్ళీ చెయ్యి," అన్నారు. బిగించాను, ఎత్తు పెరిగింది. వదిలాను, జారింది. ఆయన ముందుకొచ్చి క్లిప్పు తానే పట్టుకున్నారు. బిగించి, వదిలి, మళ్ళీ బిగించి.

"గట్టు మీద నడుస్తుంటే ఇలా?"

"అవును నాన్నా."

"కూర్చుంటే ఇలా. అందుకా తగ్గింది!"

"అందుకే."

"మరి గ్యాస్ కాదని ఇది చూస్తే తెలిసిపోయేదిగా," అన్నారు. ఎవరినీ నిందించినట్టు లేదు ఆ మాట. ఆ తర్వాత మా ఊరి పెద్దవాళ్ళు నలుగురిని వరుసగా తీసుకొచ్చి తానే చూపించారు. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే ఛాతీ బరువును గ్యాస్ అనుకోవద్దని, ఆగినా తగ్గకపోతే, చెమటలు పడితే, ఒక్క క్షణం కూడా ఆగకుండా ఈసీజీ ఉన్న చోటికి పరుగెత్తాలని చెప్తున్నారు. పూడిక మాట మానేశారు. "గోడలో ఉబ్బండీ," అంటున్నారు.

టిక్ మన్న లేసు గొట్టాన్ని కూడా ఇలాగే కొలిచాను. క్లిప్పు వదిలితే ముందు 113, తర్వాత 99. నిష్పత్తి 0.88.

సెప్టెంబరు 16

1977లో ఇదే తేదీన జ్యూరిచ్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ అనే డాక్టరు మెలకువగా ఉన్న మనిషి గుండె నాళంలో మొదటిసారి బెలూన్ ఉబ్బించాడు. పేషెంటు వయసు 38, బ్లాకు ఎల్ఏడీలో. ఆ బెలూన్లను గ్రుంట్జిగ్ తన ఇంట్లో, వంటింటి బల్ల మీద, భార్యతో, సహాయకురాలితో కలిసి చేసుకునేవాడు. ఆరేళ్ళ వయసులో పడక గది బల్ల కింద దూరి రేడియో విప్పిన నాకు ఆ వంటింటి బల్ల కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. ఆ రోజుల్లో స్టెంటు లేదు. మనిషి గుండె నాళంలో మొదటి స్టెంట్లు పడింది 1986లో. అంటే దాదాపు తొమ్మిదేళ్ళు, సాగదీసిన గోడ ముడుచుకోకుండా ఉంటే చాలని వాళ్ళు ఎదురుచూసి ఉంటారు.

ఈ రోజు పని కొద్దిగానే. వాజ్‌లైన్ ముద్ద పెట్టిన గొట్టం నెలకే మెత్తబడి వాచింది, సిలికాన్ నూనెను పీలుస్తోంది. ఆ రకాన్ని పక్కన పెట్టేశాను. ద్రవంలో పాకుడు పట్టకుండా వారానికోసారి మార్చాలి.

సెప్టెంబరు 28

అక్క రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది. గడువు తీరిన స్టెంట్లు రెండు తెచ్చింది, ఒక్కోటి 3 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. పొడవు. పొద్దున్న నుంచి ఎడమ నాళంలోకి గైడ్ కూర్చోబెట్టడం, వైరు తిప్పుతూ చీలిక దగ్గర సరైన కొమ్మలోకి పంపడం, ఇవే చేసింది. వైరు మొనను చిటికెన వేలి గోరంత వంచి, రెండు వేళ్ళ మధ్య నలుపుతున్నట్టు తిప్పుతుంది. ఏడోసారికి నేను తెర చూడకుండా ఆమె భుజం చూసినా వైరు వెళ్ళిందో లేదో చెప్పగలుగుతున్నాను. వెళ్ళినప్పుడు భుజం కిందికి దిగుతుంది.

మధ్యాహ్నం స్టెంటు. ప్లాస్టర్, లేసు ఉన్న గొట్టం. ముందు చిన్న బెలూన్‌తో ఎనిమిది దాకా ఉబ్బించింది. నొక్కు పూర్తిగా విడలేదు. టిక్ శబ్దం రాలేదు. నేను అది గమనించాను గానీ నోరెత్తలేదు, ఆమె పని ఆమెకు తెలుసు కదా అనుకున్నాను. స్టెంటును తోసింది, పన్నెండు దగ్గర విడిచింది. తెర మీద బాగానే ఉంది. ఆమె ఊపిరి వదిలింది.

"కోసి చూద్దామా?" అన్నాను.

పేషెంటు దగ్గర ఎవరూ అడగలేని మాట అది. ఆమె తలూపింది. గొట్టాన్ని అడ్డంగా బ్లేడుతో కోశాను. లోహాన్ని తాకకుండా పక్కనే కోసి, దీపం కింద పెట్టాం. స్టెంటు గుండ్రంగా లేదు. మెత్తటి గోడ వైపు విల్లులా విచ్చుకుంది, ప్లాస్టర్ వైపు చదునుగా నొక్కుకుపోయింది. ప్లాస్టర్‌లో ఒక్క చీలిక కూడా లేదు. తెర మీద మేం చూసిన కోణంలో ఆ చదును కనబడలేదు.

అక్క భూతద్దంతో చాలాసేపు చూసింది. "సరిగ్గా విచ్చుకోని స్టెంటు ఇది. మనిషిలో అయితే ఇక్కడే మళ్ళీ మూసుకుపోతుంది, లేదా రక్తం గడ్డకడుతుంది. ముందు గట్టి బెలూన్‌తో ఈ సున్నాన్ని పగలగొట్టాల్సింది. నొక్కు విడలేదని చూశాను. స్టెంటు సర్దేస్తుంది లే అనుకున్నాను."

"నేనూ చూశాను అక్కా. చెప్పలేదు."

"ఈసారి చెప్పు. క్యాథ్‌ల్యాబ్‌లో టెక్నీషియన్ చూస్తే చెప్పాలి, నర్సు చూస్తే చెప్పాలి. నువ్వూ అంతే."

సాయంత్రం టీ తాగుతూ కోసిన ముక్కను నాన్నకిచ్చింది. "బాబాయ్, ఇది నేను ఈ రోజు చేసిన తప్పు," అంది. నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని, ప్లాస్టర్ వైపు వేలితో తడిమి, తిరిగిచ్చారు. "నీ చేతికి ఇంకెన్ని కావాలమ్మా?" అని అడిగారు.

అక్క నావైపు తిరిగింది. "ఇలాంటివే రెండు. సున్నం ఇదే వైపు, ఇదే మందం. కానీ చీలికకు దగ్గరగా."

పిన్నికి ఫోన్ చేసి దారం ఉందా అని అడిగాను. జంతికల డబ్బాలో తీగ ఆరే ఉంది. రాత్రి పది గంటలకు మొదటి అచ్చు ప్రింటర్ మీద పెట్టాను, తెల్లారేసరికి వస్తుంది.